డైనమిక్ లైబ్రరీల రన్‌టైమ్ లోడింగు

ఒక కంప్యూటరు ప్రోగ్రాము నడుస్తూ ఉండగా, తనకు కావలసిన లైబ్రరీ ఫైలును తానే పేరుపెట్టి అడిగి మెమొరీలోకి తెప్పించుకొని, అందులోని ప్రమేయాలను వాడుకొనే పద్ధతిని డైనమిక్ లైబ్రరీల రన్‌టైమ్ లోడింగు అంటారు. సీ, సీ++, రస్ట్ వంటి సిస్టమ్స్ ప్రోగ్రామింగు భాషలలో ఇది విరివిగా కనిపిస్తుంది. ప్లగిన్‌లు పనిచేసేది సాధారణంగా ఈ పద్ధతి మీదనే. తెలుగువారికి దీనితో మరొక సంబంధం కూడా ఉన్నది. 2000ల దశకంలో లినక్సు తెరపై తెలుగు ఒత్తులు సరిగా పడడానికీ, కీబోర్డు నుండి తెలుగు టైపు కావడానికీ ఈ పద్ధతిలో లోడయ్యే చిన్న ఫైళ్ళే ఆధారంగా ఉండేవి.

జోడింపులో రకాలు

ప్రోగ్రాము రాసేవారు అన్ని ప్రమేయాలనూ తామే రాయరు. వర్గమూలం కట్టడం, ఫైలు తెరవడం, అక్షరం గీయడం వంటి పనులకు ముందే సిద్ధంగా ఉన్న లైబ్రరీలను వాడుకుంటారు. ఆ లైబ్రరీని ప్రోగ్రాముతో ఎప్పుడు జోడిస్తారన్నదే ఇక్కడి ప్రశ్న.

ప్రోగ్రామును తయారుచేసే సమయంలోనే లైబ్రరీలోని భాగాన్ని ప్రోగ్రాము ఫైలులో కలిపివేస్తే అది స్టాటిక్ లింకింగు. లైబ్రరీని విడి ఫైలుగా ఉంచి, ప్రోగ్రాము మొదలయ్యే క్షణంలో ఆపరేటింగు సిస్టమ్ జోడిస్తే అది సాధారణ డైనమిక్ లింకింగు. ఈ రెండవ పద్ధతిలో ఏయే లైబ్రరీలు కావాలో ప్రోగ్రాము ఫైలులోనే రాసి ఉంటుంది. వాటిలో ఒక్కటి కనిపించకపోయినా ప్రోగ్రాము మొదలే కాదు. ఫలానా డీఎల్‌ఎల్ దొరకలేదని విండోస్ చూపే చిన్న పెట్టెను చూడని కంప్యూటరు వాడుకరి అరుదు.

మూడవది ఈ వ్యాసంలోని పద్ధతి. ఇందులో ఏ లైబ్రరీ కావాలో ప్రోగ్రాము నడిచేటప్పుడు నిర్ణయమవుతుంది. అది దొరకకపోతే ప్రోగ్రాము ఆగిపోనక్కరలేదు. మరొకదానిని ప్రయత్నించవచ్చు, లేదా ఆ సౌకర్యం లేకుండానే సాగవచ్చు. ఈ వెసులుబాటు మంచిదే గాని, ఏదో లోపించిందన్న సంగతి వాడుకరికి తెలియకుండా పోయేది కూడా దీనివల్లనే.

లైబ్రరీ ఫైలు పేరు లినక్సులో సాధారణంగా డాట్ ఎస్‌ఓ అనీ, విండోస్‌లో డాట్ డీఎల్‌ఎల్ అనీ, మాక్‌లో డాట్ డైలిబ్ అనీ ముగుస్తుంది.

పనిచేసే విధానం

యునిక్సు జాతి సిస్టములలో ఇందుకు నాలుగు ప్రమేయాలున్నాయి. డీఎల్‌ఓపెన్ లైబ్రరీని తెరుస్తుంది, డీఎల్‌సిమ్ అందులో ఒక పేరును వెతికి దాని చిరునామా ఇస్తుంది, డీఎల్‌ఎర్రర్ ఏం తప్పు జరిగిందో చెబుతుంది, డీఎల్‌క్లోజ్ పని అయిన లైబ్రరీని వదిలేస్తుంది. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, గెట్‌ప్రాక్‌అడ్రస్, ఫ్రీలైబ్రరీ అనేవి ఇవే పనులు చేస్తాయి.

డీఎల్‌ఓపెన్‌ను పిలిచినప్పుడు లోపల జరిగేది ఇది. ముందుగా ఫైలు ఎక్కడ ఉన్నదో వెతకాలి. ఇచ్చిన పేరులో ఏటవాలు గీత ఉంటే దానిని పూర్తి తోవగా భావించి నేరుగా తెరుస్తుంది. లేకపోతే ప్రోగ్రాము ఫైలులో రాసి ఉన్న తోవలు, ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంటు చలరాశిలోని ఫోల్డర్లు, సిస్టమ్ తయారుచేసి ఉంచుకున్న సూచిక, చివరగా లిబ్, యూఎస్‌ఆర్ లిబ్ ఫోల్డర్లు చూస్తుంది. ఫైలు దొరికాక దానిని ప్రోగ్రాము యొక్క చిరునామా ప్రదేశంలో ఖాళీగా ఉన్న చోట అమర్చుతుంది. ఆ లైబ్రరీకి మరికొన్ని లైబ్రరీలు అవసరమైతే వాటినీ తెస్తుంది. ఏ చిరునామాలో అమరినదో అప్పుడు గాని తెలియదు గనుక, లోపలి చిరునామాలను ఆ స్థానానికి తగినట్లు సవరిస్తుంది. తరువాత లైబ్రరీలో ప్రారంభ ప్రమేయాలు ఏవైనా ఉంటే వాటిని నడుపుతుంది.

ఈ చివరి అంశాన్ని విద్యార్థులు తరచుగా మరచిపోతారు. లైబ్రరీని తెరిస్తే చాలు, అందులోని ఏ ప్రమేయాన్నీ పిలువకముందే దాని కోడు కొంత నడిచిపోవచ్చు. అనగా, తెలియని లైబ్రరీని తెరవడమంటే తెలియని ప్రోగ్రామును నడపడమే.

ఒకే లైబ్రరీని రెండుసార్లు తెరిస్తే రెండు ప్రతులు రావు. పాత ప్రతినే ఇచ్చి లెక్కను ఒకటి పెంచుతారు. మూసిన ప్రతిసారీ లెక్క ఒకటి తగ్గుతుంది. సున్నాకు వచ్చినప్పుడు మెమొరీ నుండి తొలగించే అవకాశం ఉంటుంది. తప్పక తొలగించాలని పోసిక్స్ ప్రమాణం చెప్పదు. మజల్ అనే సీ లైబ్రరీలో డీఎల్‌క్లోజ్ నిజానికి ఏమీ చేయదు.

పేరుకు మాత్రమే హామీ

సాధారణ జోడింపులో కంపైలరు ప్రమేయం యొక్క ప్రకటనను చూస్తుంది. రెండు సంఖ్యలు ఇవ్వవలసిన చోట ఒకటే ఇస్తే ఒప్పుకోదు. రన్‌టైమ్ లోడింగులో ఆ కాపలా లేదు. డీఎల్‌సిమ్ ఇచ్చేది రకం తెలియని ఒక చిరునామా మాత్రమే. ఆ చిరునామాలో ఉన్న ప్రమేయం ఎన్ని విలువలు తీసుకుంటుందో, ఏ రకమైనవి తీసుకుంటుందో, ఏమి తిరిగి ఇస్తుందో ప్రోగ్రామరు చెప్పిందే వేదం.

దీనికి గణిత లైబ్రరీలోని కొసైన్ ప్రమేయం మంచి ఉదాహరణ. అది దశాంశ సంఖ్యను తీసుకొని దశాంశ సంఖ్యను ఇస్తుంది. పొరపాటున దానిని పూర్ణాంకం తీసుకొని పూర్ణాంకం ఇచ్చే ప్రమేయంగా ప్రకటించామనుకుందాం. కంపైలరు ఊరుకుంటుంది, డీఎల్‌సిమ్ కూడా ఆ పేరు ఉన్నదనే చెబుతుంది. కాని 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసరుపై లినక్సులో పూర్ణాంకాలు ఒక రకం రిజిస్టర్లలో, దశాంశ సంఖ్యలు వేరొక రకం రిజిస్టర్లలో ప్రయాణిస్తాయి. మనం ఒక చోట పెట్టిన సంఖ్యను ఆ ప్రమేయం మరొక చోట వెతుక్కుంటుంది. అక్కడ అంతకుముందు మిగిలిపోయిన విలువకు కొసైన్ కట్టి ఇస్తుంది. మనం ఆ జవాబును కూడా మరొక చోటనే చూసుకుంటాము. ప్రోగ్రాము కూలిపోదు, సందేశం రాదు, తప్పు సమాధానం మాత్రం వస్తుంది. కూలిపోయే ప్రోగ్రాము దీనికంటే నయమనిపిస్తుంది.

డీఎల్‌సిమ్ సున్నాను తిరిగి ఇస్తే పేరు దొరకలేదని వెంటనే తీర్మానించరాదు. కొన్ని సందర్భాలలో ఒక గుర్తు యొక్క సరియైన విలువే సున్నా కావచ్చు. అందువలన ముందుగా డీఎల్‌ఎర్రర్‌ను ఒకసారి పిలిచి పాత సందేశాన్ని తుడిచి, డీఎల్‌సిమ్‌ను పిలిచి, మళ్ళీ డీఎల్‌ఎర్రర్‌ను చూడడం సరియైన పద్ధతి.

తెలుగు లిపి, పాంగో మాడ్యూళ్ళు

తెలుగు అక్షరాలను యూనికోడ్‌లో దాచే విధానం వేరు, తెరపై గీసే విధానం వేరు. పూర్వపు వరంగల్లు జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అనే మూడు ఊళ్ళు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ మూడు పేర్లను కంప్యూటరు ఎలా చూస్తుందో గమనిస్తే విషయం తేలికగా అర్థమవుతుంది.

జనగామలో జ, న, గ, దీర్ఘపు గుర్తు, మ అనే ఐదు సంకేతాలున్నాయి. ఒత్తు ఒక్కటి కూడా లేదు. గకు దీర్ఘం అతకడమే ఇక్కడి పని. మహబూబాబాద్ పేరులో పది సంకేతాలున్నాయి, చివరిది పొల్లు. ఈ పొల్లును దకారంతో కలిపి ద్ అని గీయాలి. భూపాలపల్లిలో కూడా సంకేతాలు పదే, కాని చివరి అక్షరం ల్లి చిక్కైనది. ఫైలులో అది ల, పొల్లు, ల, గుడి అనే వరుసలో ఉంటుంది. తెరపై గుడి వెళ్ళి మొదటి లకారం మీద కూర్చోవాలి, రెండవ ల ఒత్తుగా మారి దాని పక్కన దిగువకు చేరాలి. వరుస మారుతుంది, రూపమూ మారుతుంది.

ఈ పనిని షేపింగు అంటారు. ఒత్తుల రూపాలు, వాటిని ఎప్పుడు వాడాలన్న పట్టికలు ఓపెన్‌టైపు ఫాంటులో ఉంటాయి. కాని ఫాంటు సమాచారం మాత్రమే. సంకేతాలను అక్షరాలుగా విడదీసి, వరుస మార్చి, ఆ పట్టికలను క్రమంలో వర్తింపజేసే కోడు వేరే ఉండాలి. పోతన2000, వేమన2000 వంటి ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా అందించారు. పోతన పేరుగల ఆ ఫాంటు కంప్యూటరులో ఉన్నా, షేపింగు కోడు లోడు కాకపోతే భూపాలపల్లి తెరపై విరిగిపోయే కనిపిస్తుంది. పోతన ఊరుగా చెప్పుకొనే బమ్మెర ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉండడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

లినక్సులో జీటీకే మీద రాసిన ప్రోగ్రాములకు అక్షరాలను గీసి ఇచ్చేది పాంగో లైబ్రరీ. ప్రపంచంలోని లిపులన్నిటి కోడునూ ఎప్పుడూ మెమొరీలో ఉంచడం ఎందుకని, అప్పట్లో దానిని లిపివారీ మాడ్యూళ్ళుగా విభజించారు. భారతీయ లిపులకు ఇండిక్ మాడ్యూలు ఉండేది. వాక్యంలో తెలుగు సంకేతం ఎదురైనప్పుడు పాంగో తన మాడ్యూళ్ళ జాబితా ఫైలును చూసి, ఆ లిపి ఎవరిదో తెలుసుకొని, జీమాడ్యూల్ అనే పొర ద్వారా డీఎల్‌ఓపెన్‌ను పిలిచి ఇండిక్ మాడ్యూలును తెప్పించుకొనేది. ఆంగ్లం మాత్రమే చదివే వాడుకరి కంప్యూటరులో ఆ మాడ్యూలు అసలు లోడే కాదు.

జాబితా ఫైలు పాతబడినా, మాడ్యూలు లేకపోయినా, పాంగో ఆగిపోకుండా సాదా మాడ్యూలుతో సరిపెట్టుకొనేది. అప్పుడు ల్లి అనే అక్షరం ముక్కలుగా విడిపోయి వరుసగా నిలబడేది. 64 బిట్ల సిస్టములో 32 బిట్ల ప్రోగ్రామును నడిపినవారికి కూడా ఇదే చిక్కు వచ్చేది. 64 బిట్ల మాడ్యూలును 32 బిట్ల ప్రోగ్రాములోకి లోడు చేయడం సాధ్యం కాదు గనుక, రెండింటికీ వేరువేరు జాబితాలు కావలసివచ్చేవి. ఫాంటు బాగాలేదని ఫాంటును మార్చి చూసినవారు ఎందరో ఉంటారు. లోపం ఫాంటులో లేదని తెర చెప్పదు కదా.

తరువాతి కాలంలో షేపింగు పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేపట్టింది. ఇందులో తెలుగుతో సహా అన్ని లిపుల కోడు ఒకే చోట ఉంటుంది. పాంగో 2012లో హార్ఫ్‌బజ్‌కు మారింది, 2015లో లోడు చేసే మాడ్యూళ్ళ విధానాన్నే తొలగించింది. మెమొరీ పొదుపుకన్నా అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనిపించడం ముఖ్యమని తేలింది. తెలుగు పాఠకుల వైపు నుండి చూస్తే ఇది మేలైన మార్పే.

షేపింగు కోడు సరిగా ఉన్నా రాసేవారి జాగ్రత్త అవసరమయ్యే చోటు ఒకటున్నది. మహబూబాబాద్ పక్కన లో చేర్చితే, ద్ లోని పొల్లు తరువాతి లకారాన్ని ఒత్తుగా మార్చివేస్తుంది. రెండింటి మధ్య కనిపించని ఒక విడదీసే సంకేతం పెడితేనే మహబూబాబాద్‌లో అని వస్తుంది. స్థానికులు ఆ ఊరిని మానుకోట అంటారు గనుక, ఆ పేరు రాసేవారికి ఈ ఇబ్బందే లేదు.

కీబోర్డు మాడ్యూళ్ళు

తెలుగు టైపు చేయడానికి జీటీకేలో ఇన్‌పుట్ మెథడ్ మాడ్యూళ్ళు వాడుతారు. ఏ మాడ్యూలును లోడు చేయాలో జీటీకే ఐఎం మాడ్యూల్ అనే ఎన్విరాన్‌మెంటు చలరాశి చెబుతుంది. స్కిమ్, ఆ తరువాత ఐబస్ ఈ విధంగానే ప్రోగ్రాములలోకి ప్రవేశించాయి. నోట్స్ రాసుకొనే ప్రోగ్రామును రాసినవారికి తెలుగు తెలియకపోయినా, ఆ ప్రోగ్రాములో తెలుగు టైపు చేయగలగడం ఈ పద్ధతి చలవే. ఎం17ఎన్ సమాహారంలో తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, పోతన, ఆర్‌టీఎస్ వంటి అమరికలున్నాయి. వీటిలో ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారి కృషి, పేరులోని మొదటి అక్షరం ఆ విశ్వవిద్యాలయానిదే. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ రూపొందించిన తెలుగు గ్ను/లినక్సు వంటి పంపిణీలు ఇటువంటి అమరికలన్నిటినీ ఒకచోట చేర్చే పని చేశాయి.

విండోస్, వెతికే వరుస, భద్రత

విండోస్‌లో షేపింగు కోడు యూనిస్క్రైబ్ అనే లైబ్రరీలో, యూఎస్‌పీ10 డీఎల్‌ఎల్ ఫైలులో ఉండేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంటు వచ్చింది. కాని సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని కంట్రోల్ ప్యానెల్‌లో టిక్కు పెట్టి విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. అప్పట్లో కొందరు కొత్త యూఎస్‌పీ10 ఫైలును తెచ్చి, తాము వాడే ప్రోగ్రాము ఫోల్డరులోనే పెట్టుకొనేవారు. విండోస్ లైబ్రరీ కోసం వెతికేటప్పుడు సిస్టమ్ ఫోల్డరు కంటే ముందు ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును చూస్తుంది గనుక, ఆ ఒక్క ప్రోగ్రాములో తెలుగు మెరుగుపడేది.

ఇదే ఉపాయం దురుద్దేశంతో కూడా పనికివస్తుంది. లైబ్రరీని పూర్తి తోవ ఇవ్వకుండా ఉత్త పేరుతో అడిగే ప్రోగ్రాము, వెతికే వరుసలో ముందు దొరికినదానిని నమ్మేస్తుంది. నెట్‌వర్కు ఫోల్డరులో ఒక పత్రాన్నీ, దాని పక్కన అదే పేరుగల నకిలీ డీఎల్‌ఎల్‌నూ ఉంచి, పత్రాన్ని తెరిపిస్తే చాలు, నకిలీ కోడు నడిచే ప్రమాదమున్నదని 2010 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ హెచ్చరిక ప్రకటన ఇచ్చింది. అంతకుముందే 2004లో ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ నుండి ప్రస్తుత ఫోల్డరును వెతికే వరుసలో వెనుకకు జరిపారు, అయినా అది వరుసలో మిగిలే ఉన్నది. లినక్సులో కూడా అదనపు అధికారాలతో నడిచే ప్రోగ్రాములకు ఎల్‌డీ లైబ్రరీ పాత్ చలరాశిని లోడరు పట్టించుకోదు. కారణం ఇదే.

రన్‌టైమ్ లోడింగు భద్రతను పెంచే సందర్భాలూ లేకపోలేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి బయటపడింది. కొన్ని లినక్సు పంపిణీలలో ఆ లైబ్రరీ సిస్టమ్‌డీ లైబ్రరీ ద్వారా, దానితో ఏ అవసరమూ లేని ఎస్‌ఎస్‌హెచ్ సర్వరులోకి కూడా వచ్చి చేరేది. 2024 జూన్‌లో వెలువడిన సిస్టమ్‌డీ 256వ విడుదలలో కుదింపు లైబ్రరీలను అవసరం పడినప్పుడే డీఎల్‌ఓపెన్‌తో తెచ్చుకొనే ఏర్పాటు చేశారు.

చరిత్ర

నడుస్తుండగా జోడించే ఆలోచన 1960లలో మల్టిక్స్ ఆపరేటింగు సిస్టములో అమలయింది. డీఎల్‌ఓపెన్ కుటుంబం సన్ఓఎస్ నుండి వచ్చినది. లినక్సు తొలి సంవత్సరాలలో ఏ.అవుట్ రూపంలోని ఉమ్మడి లైబ్రరీలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్థిరమైన చిరునామాను ముందే కేటాయించవలసి వచ్చేది. ఇళ్ళ స్థలాల పట్టాల వలె ఆ చిరునామాలకు ఒక జాబితా నడిపేవారు. 1990ల నడుమ ఎల్ఫ్ రూపానికి మారిన తరువాత ఆ అవస్థ తీరింది. పోసిక్స్ 2001 ప్రమాణంలో ఈ ప్రమేయాలకు స్థానం లభించింది. 2021 ఆగస్టులో వచ్చిన గ్ను సీ లైబ్రరీ 2.34లో వీటిని ప్రధాన లైబ్రరీలోనే కలిపివేశారు. అప్పటివరకు వీటికోసం విడిగా డీఎల్ లైబ్రరీని జోడించుకొనేవారు.

రస్ట్ భాషలో

రస్ట్ భాష 1.0 విడుదల 2015 మే 15న వచ్చింది. మెమొరీ తప్పులను కంపైలు చేసే సమయంలోనే పట్టుకోవడం ఈ భాష ఆశయం. కాని రన్‌టైములో వచ్చే లైబ్రరీని కంపైలరు చూడలేదు. అందువలన ఇక్కడ భాషకు గల హామీలకు ఒక హద్దు ఏర్పడుతుంది. ఆ హద్దును రస్ట్ దాచిపెట్టదు. అటువంటి చోట్ల అన్‌సేఫ్ అనే మాట రాయాలని నిర్బంధిస్తుంది.

రస్ట్ ప్రామాణిక లైబ్రరీలో ఈ పనికి స్థిరమైన సౌకర్యం లేదు. లిబ్‌లోడింగ్ అనే క్రేటును ఎక్కువమంది వాడుతారు. అది లోపల డీఎల్‌ఓపెన్‌నో లోడ్‌లైబ్రరీనో పిలుస్తుంది. అందులో లైబ్రరీని తెరవడం ఒక అన్‌సేఫ్ పని, ఎందుకంటే ప్రారంభ ప్రమేయాలు అప్పుడే నడుస్తాయి. ఒక పేరును వెతికి దానికి రకం చెప్పడం రెండవ అన్‌సేఫ్ పని, ఎందుకంటే కొసైన్ ఉదాహరణలోని పొరపాటు ఇక్కడా జరగవచ్చు.

మరొక తప్పును మాత్రం రస్ట్ నిజంగా అరికడుతుంది. లైబ్రరీని మూసివేసిన తరువాత, అంతకుముందు దాచుకున్న చిరునామాతో ప్రమేయాన్ని పిలిస్తే, అక్కడ కోడు ఉండదు, ప్రోగ్రాము కూలుతుంది. సీ భాషలో దీనిని గమనించవలసింది ప్రోగ్రామరే. లిబ్‌లోడింగ్‌లో ప్రమేయాన్ని సూచించే సింబల్ అనే విలువకు లైబ్రరీ ఆయుష్షును ముడివేశారు. సింబల్ ఇంకా వాడుకలో ఉండగా లైబ్రరీని మూయబోతే ప్రోగ్రాము కంపైలే కాదు. అయితే ఆ సింబల్ నుండి ఉత్త చిరునామాను బయటికి తీసి దాచుకుంటే ఈ రక్షణ పోతుంది.

రస్ట్‌లోనే రాసిన ప్లగిన్‌ను రస్ట్ ప్రోగ్రాములోకి లోడు చేయడం సులువనిపిస్తుంది గాని కాదు. రస్ట్‌కు స్థిరమైన ఏబీఐ లేదు. అనగా ఒక నిర్మాణంలోని అంశాలు మెమొరీలో ఏ వరుసలో ఉంటాయన్నది కంపైలరు ఇష్టం, ఒక విడుదల నుండి మరొక విడుదలకు అది మారవచ్చు. అందుకని సరిహద్దు వద్ద ఇద్దరూ సీ భాష కట్టుబాట్లనే పాటిస్తారు. ప్లగిన్‌ను సీడైలిబ్ రకంగా తయారుచేస్తారు, ప్రమేయాలను ఎక్స్‌టర్న్ సీ అని ప్రకటిస్తారు, పేరును కంపైలరు మార్చకుండా నో మ్యాంగిల్ అనే గుర్తు పెడతారు. రెండు లైబ్రరీలలో ఒకే పేరు ఉంటే గొడవ గనుక, 2024 ఎడిషను నుండి ఈ గుర్తు పక్కన కూడా అన్‌సేఫ్ అని రాయవలసి ఉంటుంది.

సరిహద్దు దాటే మెమొరీ విషయంలో పాటించవలసినది, ఏ లైబ్రరీ కేటాయించిన మెమొరీని ఆ లైబ్రరీయే విడుదల చేయడం. రెండింటిలో వేరువేరు కేటాయింపు విధానాలు ఉండవచ్చు. ప్లగిన్ నుండి వచ్చిన అక్షరమాలను ప్రోగ్రాము తానే విడుదల చేస్తే మెమొరీ చెడిపోతుంది. అందువలన ప్లగిన్‌లో విడుదల ప్రమేయాన్ని కూడా ఒకదానిని ఇవ్వడం ఆనవాయితీ. ప్లగిన్ ఏదైనా థ్రెడ్డును ప్రారంభించి ఉంటే, ఆ థ్రెడ్డు ముగియకముందు లైబ్రరీని మూయరాదు. ఈ చిక్కుల కారణంగా చాలా ప్రోగ్రాములు ఒకసారి తెరిచిన లైబ్రరీని ప్రోగ్రాము ముగిసేవరకు మూయకుండానే ఉంచుతాయి.